అటకైపోయిన కంప్యూటర్

మా దీవుల్లో తెలుగువాళ్లకి అటక అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి మా అమ్మమ్మలు విశాఖపట్నంలో ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్నది: ఇంటి కప్పు కింద పాత సామాను పడేసే చోటు. రెండోది ఇక్కడికొచ్చాక హిందీ నుంచి అంటుకున్నది: ఇరుక్కుపోవడం, కదలకుండా ఆగిపోవడం. ఘాట్ రోడ్డులో బస్సు అటకవుతుంది, ఆఫీసులో ఫైలు అటకవుతుంది, గొంతులో చేపముల్లు అటకవుతుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా దిగిన తెలుగువాళ్లు మా భాష విని మూతి తిప్పుతారు. తిప్పుకోనీ. బస్సు అటకైనప్పుడు దిగి తొయ్యడానికి వాళ్ల శుద్ధమైన తెలుగు ఏమీ సాయం రాదు.

ఆ రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"చెల్లీ, కంప్యూటర్ అటకైపోనాది."

"ఎక్కడ అటకైంది దీదీ?"

"ఎక్కడేటి? అటక మీదే."

నేను పగలబడి నవ్వాను. అవతల ఆవిడ నవ్వలేదు. దీదీ నవ్వలేదంటే విషయం చిన్నది కాదని అప్పుడే గ్రహించాల్సింది. కానీ నాకు కంప్యూటర్ల విషయంలో ధీమా ఎక్కువ. ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు.

సునామీ వచ్చేనాటికి నేను డిప్లొమా అప్పుడే పూర్తి చేసి ఉన్నాను. జెట్టీ వైపు ఆఫీసుల్లో ఉప్పునీళ్లు తాగిన కంప్యూటర్లు గుట్టలుగా పడి ఉండేవి. ఇక పారెయ్యడమే అన్నారు పెద్దలు. పారేసేవి ఎలాగూ పారేసేవే కదా, నాకివ్వండి అన్నాను. లోపలి బోర్డులన్నీ విప్పి, ట్యాంకరు తెచ్చిన మంచినీళ్లతో ఉప్పంతా పోయేదాకా కడిగి, డాబా మీద అమ్మ పాత చీర పరిచి ఎండబెట్టాను. తాగడానికే నీళ్లు చాలని రోజులవి. అమ్మ పైకొచ్చి చూసి, "వడియాలు పెట్టే వయసులో ఇవేం వడియాలే!" అని నెత్తి కొట్టుకుంది. అన్నీ కాదు గానీ వాటిలో చాలా బతికాయి. అప్పట్నించి నాకు మెషీన్ అంటే భయం లేదు. సముద్రం తాగినవాటి చేతే కక్కించినదాన్ని, మిగతావి నాకెంత?

ఆస్టినాబాద్‌లో మా ఇంటి ముందుగదే నా రిపేరు షాపు. దీదీ ఇల్లు మా పైసందులో. చుట్టరికం లేదు, దీదీ అని అందరూ పిలుస్తారు, నేనూ పిలుస్తాను. ఆవిడ జాకెట్లు కుడుతుంది. అంతకుముందు వాళ్లది సిప్పీఘాట్. సునామీలో అక్కడి పల్లపు పొలాల్లోకి సముద్రం వచ్చి, నేలే కుంగిపోవడంతో వెనక్కి పోలేదు. వాళ్ల ఇల్లూ పెరడూ ఆ నీళ్లలోనే ఉండిపోయాయి. భర్త తాపీమేస్త్రి. ఆ వారం గ్రేట్ నికోబార్‌లో కాంట్రాక్టు పనికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఏడాది నిండిన కూతుర్ని చంకనేసుకుని ఆస్టినాబాద్ వచ్చిన మనిషి ఇవాళ ఆ పిల్లని కాలేజీకి పంపిస్తోంది. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ నాకు సామెత చెప్పినప్పుడల్లా చూపించే ఉదాహరణ కూడా ఈ దీదీయే.

సామాను సంచి తగిలించుకుని వెళ్లాను. కంప్యూటర్ నిజంగానే అటక మీద ఉంది. మానిటర్ కిందే, కుట్టుమిషన్ పక్కన ఉంది, సీపీయూ డబ్బా మాత్రం పైన బియ్యం డబ్బాల సరసన. వైర్లు గోడ వెంట కిందికి వేలాడుతున్నాయి. సునామీ చూసిన మా ఇళ్లలో విలువైనవన్నీ గుమ్మం కంటే ఎత్తులో ఉంటాయి. మాకు అందులో వింతేమీ లేదు. తలుపు పక్కన మేకుకి సునామీ సంచి వేలాడుతుంటుంది. కాగితాలు, టార్చి, నీళ్ల సీసా, బిస్కెట్లు అందులో ఉంటాయి. నేల కదిలితే అది అందుకుని ఎత్తైన చోటికి పరిగెత్తాలి.

స్టూలెక్కి డబ్బా దించి, కింద పెట్టి, స్విచ్చి వేశాను. కంపెనీ గుర్తు వచ్చింది. దాని కింద తెల్లచుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరిగి తిరిగి ఒకచోట ఆగిపోయాయి. మళ్లీ వేశాను. అదే చోట ఆగాయి.

"ఏం చేశావు దీదీ?"

"నానేటీ సెయ్నేదు. నిన్న గుంట అప్‌డేటని ఏదో నొక్కి కాలేజీకెళ్లిపోనాది. అంతే."

మా వృత్తిలో మొదటి అబద్ధం ఎప్పుడూ ఇదే. ఏమీ చెయ్యలేదు. డాక్టరు దగ్గర ఏమీ తినలేదన్నట్టు. విని ఊరుకుని పనిలో పడాలి.

పైగా ఆ రోజుల్లో అప్‌డేట్ అంటే నేనూ నమ్మేశాను. అంతకుముందు మా దీవులకి ఇంటర్నెట్ ఆకాశంలో ఉపగ్రహం నుంచి చుక్కచుక్కగా దిగేది. ఒక ఫోటో పంపేలోపు అన్నం ఉడికేది. అప్‌డేట్లని అసలు రానిచ్చేవాళ్లం కాదు. సముద్రం అడుగు నుంచి కేబుల్ వచ్చాక నెట్ ఒక్కసారి వరదైంది. ఏళ్ల తరబడి పస్తులున్న మెషీన్లన్నీ ఒకేసారి విందుకు కూర్చున్నాయి. సగానికి అజీర్తి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగు చేస్తానని వచ్చిన అప్‌డేట్ ఉన్నదాన్ని పాడుచేసిందని మోసుకొచ్చేవాళ్లతో నా ముందుగది నిండిపోయింది. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"సాయంత్రం బస్సుకి గుంట వచ్చీసరికి అయిపోద్దా చెల్లీ?"

"అంతకు ముందే అవుతుంది. తొందరేముంది?"

"దానికి తెలకూడదు. రాత్రి అడిగితే ఇంకా అవతాందని సెప్పీసేను."

పిల్ల నొక్కింది, తల్లి దాస్తోంది. నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. వెనక గుచ్చినవన్నీ పీకేశాను, ప్రింటరు, కెమెరా, నెట్ కోసం పెట్టిన చిన్న డాంగిల్. ఒక్కోసారి వీటిలో ఏదో ఒకటి దారికి అడ్డం పడుతుంది. కీబోర్డూ మౌసూ మాత్రమే ఉంచి వేశాను. చుక్కలు తిరిగాయి, ఆగాయి. సరే అని డబ్బా మూత విప్పాను. బల్లి గుడ్లు, దుమ్ము, అంచుల్లో ఉప్పుగాలి తెచ్చిన తుప్పు. మెమరీ పట్టీ ఊడదీసి, దాని పసుపు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాను. సముద్రం పక్కన బతికే కంప్యూటర్‌కి రబ్బరుతో రుద్దడం ఒక పెద్ద వైద్యం. మెయిన్‌ల్యాండ్ ఇంజనీర్లకి చెబితే నమ్మరు. స్విచ్చి వేశాను. చుక్కలు తిరిగాయి. ఈసారి ఇంకొంచెం ఎక్కువ తిరిగాయేమో అని నాకనిపించింది. ఆగిపోయాయి.

అప్పుడు సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగాను.

"అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయిందా?"

"కరెంటు పోనేదు. భూమి ఊగింది గదా నిన్న."

నిన్న మధ్యాహ్నం ఊగింది నిజమే. పెద్దదేం కాదు, గిన్నెలు గలగలమన్నాయి. సందు మొత్తం రోడ్డు మీదకి వచ్చి, కాసేపు నిలబడి, ఇంటి ముచ్చట్లు చెప్పుకుని లోపలికి పోయాం.

"అయితే?"

"ప్లగ్గు పీకీసేను."

దొరికింది జబ్బు. అప్‌డేట్ సగంలో ఉండగా గొంతు నొక్కినట్టయింది. నాకు ఒళ్లు మండింది.

"దీదీ! ఆపొద్దు అని స్క్రీన్ మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటుందే!"

"రాసుంది. సదివేను. ఇంగ్లీషులో రాసుంది. భూమికి ఇంగ్లీషు రాదు గదా చెల్లీ."

నవ్వొచ్చినా ఆపుకున్నాను. కోపంలో ఉన్నప్పుడు నవ్వితే కోపానికి విలువ పోతుంది. "భూకంపం వస్తే మనిషి బయటికి పరిగెత్తాలి గానీ ప్లగ్గులు పీకుతూ కూర్చుంటుందా?" అని గట్టిగానే అన్నాను.

జబ్బు తెలిశాక నాకు మందు కష్టం కాదు. "పర్లేదు, టెన్షన్ మత్ లో. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తాను. నీ గుంట వచ్చేసరికి కొత్తపెళ్లికూతురిలా ఉంటుంది," అంటూ సంచిలోకి చెయ్యి పెట్టాను.

దీదీ నా మణికట్టు పట్టేసుకుంది. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి. నొప్పి పుట్టింది.

"తుడవకు. దాన్లో ఆయనున్నాడు."

అప్పుడు చెప్పింది. పాప మొదటి పుట్టినరోజుకి సిప్పీఘాట్‌లో పక్కింటివాళ్ల వీడియో కెమెరా అడిగి తెచ్చి, భర్త తనే తీశాడట. ఆ తర్వాత కొన్నాళ్లకే సునామీ. ఆల్బమ్‌లు ఇంటితోపాటే పోయాయి. ఆఫీసు కాగితాల కోసం దిగిన చిన్న ఫోటో ఒకటి మిగిలింది, అందులో మొహం ఉంది. గొంతు మాత్రం ఈ వీడియోలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. సునామీ తర్వాత పక్కింటివాళ్లు తమ దగ్గర మిగిలిన టేపు నుంచి కాపీ చేసి ఇచ్చిన సీడీకి మా చెమ్మ వాతావరణంలో బూజు పట్టింది. అంతకుముందే కంప్యూటర్‌లోకి ఎక్కించారు కాబట్టి బతికిపోయింది. నాన్న గొంతు పిల్లకి తెలిసింది ఈ డబ్బా వల్లే. ప్రతి పుట్టినరోజుకీ పెట్టుకుని వింటుందట. ఇప్పుడు తను నొక్కిన అప్‌డేట్ వల్ల అది పోయిందని తెలిస్తే ఆ పిల్ల ఏమైపోతుందో అని తల్లి భయం.

ఆ మాట విన్నాక నేను ఒక్క మీట కూడా నొక్కలేదు. స్విచ్చి ఆపేసి, ప్లగ్గు తీసేశాను. అంతవరకూ నేను బాగుచేస్తున్నది కంప్యూటర్‌ని. ఇకనుంచి కంప్యూటర్ ఏమైపోయినా ఫరవాలేదు.

"ఇంకెక్కడా కాపీ లేదా? పెన్‌డ్రైవ్?"

మేకుకున్న సునామీ సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ తీసిచ్చింది. "గుంటే ఎక్కించింది. కానీ ఆడదు. కాలేజీలో పెట్టి సూసింది, రానేదు. నాకెరికే."

నా ల్యాప్‌టాప్‌కి గుచ్చి చూశాను. వీడియో బొమ్మ ఉంది. దాని మూలన చిన్న బాణం గుర్తు ఉంది. ఆ బాణం ఉంటే అది వస్తువు కాదు, వస్తువు ఎక్కడుందో చెప్పే చిరునామా. పిల్ల చిరునామా రాసిచ్చి ఇల్లు ఇచ్చాననుకుంది. చదువుకున్నవాళ్లు, ఆఫీసర్లు కూడా చేసే పొరపాటే ఇది. నాకు ఇలాంటివి వారానికొకటి తగులుతాయి.

డబ్బాలోంచి హార్డ్ డిస్క్ ఊడదీసి, కేబుల్‌తో నా ల్యాప్‌టాప్‌కి కలిపాను. కాసేపు గొణిగి, తెరుచుకుంది. దీదీ "దొరికిందా?" అంది. ఇల్లలకగానే పండగ కాదు అన్నాను. నిజంగానే కాలేదు. పిల్ల పేరున్న ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఫోటోలు లేవు, పాఠాలు లేవు, వీడియో లేదు.

దీదీ తెర వైపు చూసింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ ఖాళీని చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. అక్కడే నేల మీద కూలబడింది.

"అప్పుడు నీళ్లు తీసుకుపోనాయి. ఇప్పుడు నా సేతుల్తో నానే పీకీసేను."

కానీ నా ధీమా ఎక్కడికీ పోలేదు. పోయినవి వేరే రకంగా పోతాయి. ఇది పోయినట్టు లేదు, సర్దినట్టు ఉంది. ఇంత శుభ్రంగా ఖాళీ చేసేది దొంగ కాదు, ఇల్లు మారేవాడు.

అంతే, వెలిగింది. పెద్ద అప్‌డేట్ చేసే పని కూడా అదే. కొత్త కాపురం పెట్టేముందు పాత సామానంతా మూటగట్టి ఒక పక్కన పెడుతుంది. కొత్త గదులు కట్టాక మూట విప్పి ఎక్కడివక్కడ సర్దుతుంది. ఇక్కడ మూట కట్టడం అయింది, విప్పేలోపు ప్లగ్గు ఊడింది.

"దీదీ, లే. నీ సామాను ఎక్కడికీ పోలేదు. అటక మీద ఉంది."

"అటక మీదేటుంది? బియ్యం డబ్బాలేగా!"

"నీ ఇంటి అటక కాదు, దీని అటక."

డిస్క్‌లో 'పాతది' అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. తెరవబోతే అనుమతి లేదంది. ఇచ్చాను. ఇంకా లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే పిల్ల పేరు కనిపించింది. అక్కడే ఉన్నాయి అన్నీ. వీడియో కూడా, బాణం గుర్తు లేకుండా. ముందు కాపీ చేశాను, తర్వాతే మీట నొక్కాను.

ఎర్ర గౌను వేసుకున్న పాప చాప మీద కూర్చుని కేకు మీద పువ్వుని పీకుతోంది. తెరలో మగమనిషి ఎవరూ లేరు. గొంతు మాత్రం దగ్గర్నించి, చెవిలో చెప్పినట్టు వినిపించింది.

"ఇటు సూడు... ఇటు సూడే బంగారం... నా ఏపు సూడు!"

సన్నగా, చిన్నగా, కుర్రతనంలో ఉన్న దీదీ తెరలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నన్నెందుకు తీస్తావు? గుంటని తియ్!"

"ఇద్దర్నీ తీస్తాన్లే. కాస్త నవ్వు మరి."

నేల మీద కూర్చున్న దీదీ కళ్లు తుడుచుకోలేదు. నవ్వింది. ఆయన అడిగినందుకు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు లేస్తుంది, అది నా జబ్బు. పెన్‌డ్రైవ్‌లోకి అసలు వీడియో ఎక్కిస్తూ తిట్లు మొదలుపెట్టాను. ఇంకోసారి భూమి ఊగితే ప్లగ్గు ముట్టుకున్నావో చూడు, షార్ట్ అయినా అవనీ, కాలినా కాలనీ, ప్రాణం కంటే ఎక్కువా అని.

"షార్టు అవుద్దని పీకనేదు చెల్లీ."

"మరి?"

"దించి ఎత్తుకుపోదామని. స్టూలెక్కేను. ప్లగ్గొచ్చింది గానీ ఎనకాల వైర్లు రానేదు. అన్నీ నీలాగ పీకడం నాకు తెల్దు గదా. లాగేను. ఆ సరికి ఊగడం ఆగిపోనాది."

నిన్న మధ్యాహ్నం మేమంతా రోడ్డు మీద నిలబడి ముచ్చట్లు చెప్పుకుంటున్నప్పుడు, ఊగుతున్న ఇంట్లో ఈ మనిషి స్టూలు మీద ఉంది. చేతులు పైకెత్తి ఒక డబ్బాతో పెనుగులాడుతోంది. రోడ్డు మీద దీదీ కనిపించలేదేమని మాలో ఒక్కరికీ తోచలేదు. ఏళ్లుగా ఎన్నిసార్లు ఊగిందో, ఎన్నిసార్లు ఆ స్టూలెక్కిందో అడగడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని చాలా కచ్చితంగా చేశాను. వీడియోని దీదీ ఫోన్‌లో వేశాను, పెన్‌డ్రైవ్ సరిచేశానని మాత్రం రాసి పిల్ల ఫోన్‌కి పంపాను, నా ల్యాప్‌టాప్‌లో ఉంచాను. పెన్‌డ్రైవ్‌ని దీదీ చేతే గుచ్చించి, దీదీ చేతే మీట నొక్కించాను. "ఇటు సూడు" అని వినిపించాకే బయటికి తీయించాను. ప్లాస్టిక్ కవర్లో చుట్టి సునామీ సంచిలో వేసింది. జిప్పు వేసి, మళ్లీ తీసి చూసి, మళ్లీ వేసింది.

ఇక కంప్యూటర్. డిస్క్ తిరిగి బిగించి, గుర్తు కనిపించగానే ఆపేస్తూ, మళ్లీ వేస్తూ కొన్నిసార్లు చేస్తే అది విసుగెత్తి రిపేరు తెర చూపించింది. పాతదానికి వెనక్కి వెళ్లమన్నాను. మూట విప్పుకుని ఎక్కడివక్కడ సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈలోపు దీదీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. మేం తింటుండగానే చుక్కలు తిరిగి తిరిగి, ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకెళ్లాయి. పిల్ల పెట్టుకున్న సముద్రం బొమ్మతో తెర వెలిగింది.

దీదీ డబ్బాని మళ్లీ అటకెక్కించబోతే నేను ఒప్పుకోలేదు. కుట్టుమిషన్ పక్కనే బల్ల మీద పెట్టించాను. "ఇది ఇకనుంచి ఉత్త డబ్బా. మునిగితే మునగనీ. తెచ్చి కడిగి ఎండబెడతాను," అన్నాను.

సాయంత్రం బస్సు దిగి పిల్ల వచ్చింది. చెప్పులు విప్పుతూనే చూసింది. "కంప్యూటర్ కిందకి ఎందుకు దించేవమ్మా?"

"ఊరికే. అందట్లేదని," అంది దీదీ.

వానలు తగ్గుముఖం పట్టాక మళ్లీ ఊగింది. ఈసారి గట్టిగానే ఊగింది, మా షాపులో స్క్రూల డబ్బా కింద పడి స్క్రూలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. నేను చేతిలో స్క్రూడ్రైవరుతోనే రోడ్డెక్కాను. బయటపడగానే పైసందు వైపు చూశాను. అందరికంటే ముందు దీదీ నిలబడి ఉంది, భుజాన సంచితో, కాళ్లకి చెప్పులు లేకుండా, మెడలో కొలత టేపు వేలాడుతూ. నన్ను చూసి అక్కడ్నించే అరిచింది.

"పీకనేదు చెల్లీ! వదిలీసి వచ్చీసేను!"